పంతొమ్మిదో అంతస్తు, పదకొండు చుక్కలు

క్లారీ హాస్కిన్ ముప్ఫై ఎనిమిదేళ్లు గ్రేడర్ బండి నడిపాడు. ఆస్ట్రేలియాలోని మా కింగరాయ్ చుట్టుపక్కల ఎర్రమట్టి రోడ్లన్నీ ఏదో ఒకనాడు అతని బ్లేడు కింద చదునైనవే. ఎగుడుదిగుడు అంటే అతని ఒంటికి పడదు. విందుకి పిలిస్తే, బల్ల ఒకవైపు వాలిందని దాని కాలి కింద అట్టముక్క పెట్టి గాని కూర్చోడు. ఎవరింటికి వెళ్లినా గోడ మీద పటాలు సరిచేసి గాని బయటికి రాడు. చొక్కా జేబులో, బుడగతో మట్టం చూపే వేలెడంత రసమట్టం ఎప్పుడూ ఉంటుంది, చర్చికి వెళ్లినా సరే. మనవరాలి పుట్టినరోజు కేకు మీద కూడా ఒకసారి దాన్ని పెట్టి చూశాడు. కేకు మట్టంగా లేదని చెప్పాడు కూడా. ఆ కేకు చేసిన అతని కూతురు లియాన్ ఆ సంగతి ఇప్పటికీ మరిచిపోలేదు.

అలాంటి మనిషికి పంతొమ్మిది వందల తొంభై మూడు ఆగస్టులో సముద్రం కనబడింది. అంతకు ముందు చూడలేదని కాదు, ఒడ్డున నిలబడి చూశాడు. కూలంగట్టాలో పెలికన్ కోర్ట్ అనే మేడ పంతొమ్మిదో అంతస్తు బాల్కనీలోంచి చూడటం మాత్రం అదే మొదలు. ఎడమచేతి వైపు కొండలు, వాటి పక్కన దూరంగా సర్ఫర్స్ పట్నం మేడలు, ఆ తర్వాత అంతా నీళ్లు, కుడి చివర పైన్ చెట్లతో గ్రీన్‌మౌంట్ గుట్ట. నీళ్లకీ ఆకాశానికీ మధ్య ఉన్న గీత మీద క్లారీ కళ్లు ఆగిపోయాయి. జేబులోంచి రసమట్టం తీసి కంటికి ఎదురుగా పట్టుకున్నాడు. బుడగ నడిమధ్యన నిలబడింది, గీత దాని వెంటే నిలబడింది. "చూశావా మెర్ల్, వెంట్రుకవాసి తేడా లేదు" అన్నాడు భార్యతో. తన సాయం లేకుండా ఈ భూమ్మీద మట్టంగా ఉన్నది అదొక్కటేనని ఆ రోజు నుంచి అతని నమ్మకం.

అదంతా ఒక్క ఫోటోలో పట్టదు కదా. ఎడమ నుంచి కుడికి తిరుగుతూ పదకొండు తీశాడు. కడిగించి పక్కపక్కన పేరిస్తే సముద్రం మెట్లు మెట్లుగా వచ్చింది, ఎక్కి వెళ్లవచ్చు. క్లారీకి ఆ పూట అన్నం సహించలేదు. అదృష్టం కొద్దీ సెలవు ఇంకా నాలుగు రోజులుంది. ఆ నాలుగు రోజుల్లో కిటుకు పట్టాడు: మనిషి జరగకూడదు, కెమెరా ఒక్కచోట నిలిచి అక్కడికక్కడే తిరగాలి. బాల్కనీలో మూడో పలక మీద మూడుకాళ్ల స్టాండు పెట్టాడు. కెమెరా నెత్తిన రసమట్టం అంటించాడు. ఎదురుగా రెయిలింగు మీద మెర్ల్ గోళ్ల రంగుతో, ఎర్రటి పగడం రంగుతో, పదకొండు చుక్కలు పెట్టాడు. ఒక్కో చుక్క మీద గురిపెట్టి ఒక్కో ఫోటో తీయడమే.

చెప్పినంత సులువేం కాదు. నాలుగో ఫోటోకి ఎండ ఉండి ఐదోదానికి మబ్బు పట్టిందనుకోండి, అతికించాక పటం మీద చారలు పడతాయి. అందుకని మబ్బు పోయేదాకా ఆగాలి, లేదా మొదటి నుంచీ మళ్లీ తీయాలి. పావుగంట పని ఒక్కోసారి గంటంబావు సాగేది.

ఆ మొదటి ఏడు అతికించిన పటాన్ని ఇంట్లో భూతద్దం పెట్టి పరీక్షిస్తుంటే, ఆరో ముక్కలో, ఒడ్డున ఈతగాళ్ల కోసం పాతిన ఎరుపు పసుపు జెండా పక్కన, పసుప్పచ్చగా ఆవగింజంత చుక్క కనబడింది. అది మెర్ల్ గొడుగు. మొగుడి ఫోటోల గోల భరించలేక ఆ పూట ఆవిడ కిందికి దిగిపోయిందన్న మాట. క్లారీ భూతద్దం దించి, "ఇది లేకపోతే వట్టి నీళ్లే కదా" అన్నాడు. ఆ మాట మెర్ల్‌కి నచ్చింది. మొగుడు అలాంటి మాటలు అనే రకం కాదు మరి.

అప్పటి నుంచి అదొక ఆచారమైపోయింది. ఏటా ఆగస్టు రెండో వారం, మాకది చలికాలం, కింగరాయ్‌లో పొద్దున్నే గడ్డి మీద మంచు కరకరలాడే రోజుల్లో, అదే మేడ, అదే ఫ్లాటు. మెర్ల్ పసుప్పచ్చ గొడుగుతో కిందికి దిగి జెండా పక్కన నిలబడుతుంది. క్లారీ రెయిలింగు మీద ఎర్రగళ్ల తువ్వాలు వేస్తే మొదలైందని గుర్తు, ఇక కదలకూడదు. తువ్వాలు తీసేస్తే అయిపోయిందని గుర్తు, పైకి వచ్చి టీ తాగొచ్చు. ఒక ఏడు మాత్రం మెర్ల్ ఎవరో తెలిసినావిడని చూసి కుడివైపు నడిచింది. సరిగ్గా అప్పుడే క్లారీ ఆరో చుక్క నుంచి ఏడో చుక్కకి తిరిగాడు. పటంలో రెండు గొడుగులు పడ్డాయి. ఆ పటాన్ని ఇంట్లో అందరూ 'ఇద్దరు పెళ్లాల ఏడు' అంటారు.

పటాలన్నీ వాళ్లింట్లో నడవాకి రెండు పక్కలా, ఒకదాని కింద ఒకటి. ముప్ఫై ఒకటి. ఒక్కదానిలోనూ సముద్రం వంగలేదు, ఒక్కదానిలోనూ మెర్ల్ తప్పిపోలేదు. ఏటా కూలంగట్టాకి బయలుదేరే ముందు క్లారీ కొత్త పటానికి మేకు కొట్టి మరీ కారెక్కుతాడు. పటం ఇంకా తీయలేదు కదా అంటే, "మేకు ఉంటే పటం వస్తుంది" అంటాడు.

ఈ ఏడూ మేకు కొట్టాడు. కాకపోతే మే నెలలో మెర్ల్‌కి తుంటి కీలు మార్చారు. చేతికర్ర సాయంతో గచ్చు మీద చక్కగా నడుస్తోంది. ఇసకలో మాత్రం ఈ ఏడాది అడుగు పెట్టడానికి వీల్లేదని డాక్టరు గట్టిగా చెప్పాడు. నాలుగు గంటల దారంతా క్లారీ మనసులో ఆ గొడుగే మెదిలింది. ఆ మాట పైకి అనలేక రేడియో శబ్దం పెంచుతూ, తగ్గిస్తూ కూర్చున్నాడు.

పెలికన్ కోర్ట్ కాపలా చూసే జోరాన్ సామాను దించుతూనే ఆ మాట అననే అన్నాడు. ఇరవై ఏళ్లుగా వీళ్లని ఎరిగినవాడు. రెయిలింగులకి రంగు వేసినప్పుడల్లా ఆ పదకొండు చుక్కల మేర వదిలేసేవాడు కూడా అతనే.

"ఏం గురూ, ఈసారి గొడుగు ఎవరు పడతారు?"

"చూడాలి" అన్నాడు క్లారీ.

"చూడ్డానికేముంది, నేను నిలబడతాను. మెర్ల్ టోపీ ఒకటి ఇవ్వు. పైనించి చూస్తే ఎవరైనా ఒకటే, చీమంత!"

"నీ మీసాలు చీమంత ఉండవు" అని మెర్ల్ నవ్వింది. క్లారీ నవ్వలేదు. పెట్టె అందుకుని లిఫ్టులోకి వెళ్లిపోయాడు.

మంగళవారం పొద్దున షికారుకని చెప్పి బయటికి వెళ్లాడు. గంట తర్వాత మొహం వెలిగిపోతూ వచ్చాడు. ఒడ్డున ఈతగాళ్లని కాపాడే క్లబ్బు వాళ్ల దగ్గర లావు చక్రాల కుర్చీ ఉందట, ఇసకలో సునాయాసంగా పోతుందట. ఇద్దరు కుర్రాళ్లు తోసుకెళ్లి జెండా దగ్గర దింపి, అయిపోయాక మళ్లీ తోసుకొస్తారట. అంతా మాట్లాడేసి వచ్చాడు.

"నన్నడిగావా?" అంది మెర్ల్.

"ఇప్పుడు అడుగుతున్నానుగా."

"నేనేమన్నా ఫ్రిజ్జునా క్లారీ, తోసుకెళ్లి దింపడానికి? కాళ్లున్నాయి నాకు. కొత్తవి. ఇసకలో నడిచే రోజు వస్తే నడిచే వెళ్తాను. రాకపోతే ఇక్కడే కూర్చుంటాను. ఇక ఆ మాటెత్తకు."

మెర్ల్ ఒకసారి వద్దంటే వద్దే. ముప్ఫై ఏళ్లు స్కూలు క్యాంటీన్ నడిపింది. ఇవాళ కింగరాయ్‌లో పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసేవాళ్లు కూడా ఆవిడ కనబడితే వరసలో నిలబడతారు. క్లారీ నోరు మూసుకున్నాడు. కానీ బుధవారమంతా ఎండ విరగ్గాసి, ఆకాశం కడిగినట్టుండి, అలాంటి రోజు చేజారిపోతుంటే బాల్కనీలో స్టాండు పెట్టడం, తీయడం, మళ్లీ పెట్టడం. పోయి చుక్కల మీద వేలితో రుద్దడం. పక్క ఫ్లాటు వాళ్లు తిమింగలం తోక కనబడిందని కేకలేస్తే తలెత్తి కూడా చూడలేదు.

గురువారం మధ్యాహ్నం రొయ్యలు తెచ్చుకున్నారు. బల్ల మీద కాగితం పరిచి పొట్టు తీసి రొట్టెల మధ్య పెట్టుకుని తింటున్నారు. క్లారీ ఉన్నట్టుండి అన్నాడు.

"ఈ ఏటికి మానేద్దాంలే ముసలిదానా. ఆ మేకు పీకేస్తాను. నువ్వు లేని పటం పటమే కాదు."

మెర్ల్ పొట్టు తీయడం ఆపింది.

"ఓహో! మరి నడవాలో ముప్ఫై ఒకటి వేలాడుతున్నాయే, వాటిల్లో నువ్వెక్కడున్నావు?"

"నేనెందుకుంటాను? తీసింది నేను కదా."

"అంటే నువ్వు లేని పటం పటమే. నేను లేనిది మాత్రం కాదు. బాగుందయ్యా న్యాయం! ముప్ఫై ఒక్కేళ్లుగా మొగుడు లేని పటాలకి దుమ్ము దులుపుతున్నాను. ఒక్కరోజైనా నిన్నడిగానా?"

క్లారీ చేతిలో రొయ్య చేతిలోనే ఉంది. అతనికి నిజంగానే ఆ సంగతి ఎప్పుడూ తట్టలేదు. పటాలన్నిటికీ తనే అంచు కొలిచి, తనే అతికించి, తనే మేకు కొట్టాడు. అందుకని వాటి నిండా తనే ఉన్నట్టు అనుకున్నాడు. ఇంతకాలం ఆవిడ తుడుస్తూ వచ్చింది అతను లేని ఖాళీ చోటుని.

"నీకు కెమెరా రాదు కదా" అన్నాడు చివరికి, నెమ్మదిగా.

"నీకు గొడుగు వచ్చా?" అంది మెర్ల్.

మర్నాడు శుక్రవారం, సెలవులో మిగిలింది ఆ ఒక్క రోజే. పొద్దున్నే మెర్ల్ గోళ్లకి రంగు వేసుకుని, మిగిలిన రంగుతో ఉప్పుగాలికి మాసిన చుక్కలన్నీ మళ్లీ దిద్దింది. క్లారీ వెనకే తిరుగుతూ చెవిలో జోరీగలా ఒకటే పోరు.

"బుడగ మధ్యలో ఉండాలి. చుక్క దాటకూడదు. మబ్బొస్తే ఆగు. అన్నిటికంటే ముఖ్యం, లెన్సు దగ్గర వేలు పెట్టకు, చిన్న కెమెరా, ఇట్టే అడ్డం పడుతుంది."

"క్లారీ. రెండొందల మంది పిల్లలకి ఇరవై నిమిషాల్లో తిండి పెట్టినదాన్ని. పదకొండు చుక్కలు నన్నేం చేస్తాయి? నువ్వు దిగు."

గొడుగు చంకన పెట్టుకుని దిగాడు. ఫోను వంటింటి బల్ల మీద మరిచిపోయాడు.

జెండా పక్కన నిలబడి వెనక్కి తిరిగి మేడకేసి చూశాడు. మొదట ఏ అంతస్తో తెలియలేదు. కింది నుంచి లెక్కపెడితే పన్నెండు దగ్గర తప్పింది, మళ్లీ మొదలు. చివరికి పైన ఎక్కడో తపాలాబిళ్లంత ఎర్రగా తువ్వాలు కంటికి ఆనింది. మనిషి మాత్రం ఆనలేదు. గాలి గొడుగుని లాక్కుపోవాలని చూస్తోంది. ఒంటిచేత్తో పట్టడం తేలికేం కాదు. ఇదంతా ఆవిడ నవ్వుతూ చేసేదా అనుకున్నాడు.

అంతలో నీళ్లలోంచి ఐదారుగురు ముసలి ఆడవాళ్లు బయటికొచ్చారు. చలికాలమంతా పొద్దున తొమ్మిదింటికి ఈదే జట్టు. ముందు నడుస్తున్న పూల టోపీ ఆవిడ, పేరు నోలా, గొడుగు చూసి ఆగిపోయింది.

"ఏయ్, అది మెర్ల్ గొడుగు! నీ చేతికెలా వచ్చింది?"

"నేను మెర్ల్ మొగుణ్ణి."

ఆడవాళ్లంతా మొహమొహాలు చూసుకున్నారు. తర్వాత పకాలుమని నవ్వులు.

"నిజంగానే ఉన్నాడే!" అంది నోలా. "ఏమనుకోకయ్యా. ఆవిడేమో ఏటా ఈ గొడుగేసుకుని మేడకేసి చెయ్యి ఊపుతుంటుంది. ఎవరికమ్మా అంటే, పైన మా ఆయన ఫోటో తీస్తున్నాడు అంటుంది. మేం చూస్తే ఎవరూ కనబడరు. పాపం, పోయిన మొగుణ్ణి తలుచుకుంటోంది కాబోలని మేమూ అటుకేసి ఊపేవాళ్లం."

"చెయ్యి ఊపుతుందా?"

"ఊపడమేంటి, తువ్వాలు తీసేదాకా ఊపుతూనే ఉంటుంది! నువ్వూ పైనుంచి ఊపుతావటగా?"

 ముప్ఫై ఒక్కేళ్లలో క్లారీ ఒక్కసారి కూడా ఊపలేదు. రెండు చేతులూ కెమెరా మీదే ఉండేవి, కన్ను బుడగ మీద. ఆవగింజలో చెయ్యి కనబడదు. అతనికి సిగ్గేసింది. నోలా వాళ్లు తువ్వాళ్లు కప్పుకుని వెళ్లేదాకా ఇసకకేసి చూస్తూ నిలబడ్డాడు. తర్వాత తలెత్తి, ఆ ఎర్రబిళ్లకేసి చెయ్యెత్తి ఊపాడు. ఒకసారి మొదలుపెట్టాక ఆపాలనిపించలేదు.

అప్పుడే కొండల వైపు నుంచి మబ్బు బయలుదేరింది. ఇసక మీద నీడ పరుగెత్తుకొస్తోంది.  క్లారీ ఊపుతున్న చేత్తోనే ఆగు ఆగు అని సైగ చేశాడు. పైనున్న మనిషికి ఊపడమూ ఆగమనడమూ ఒకేలా ఉంటాయని తోచి, గొడుగు ముడిచి అడ్డంగా తిప్పాడు. ఇంకొంచెం బాగా కనబడాలని కుడివైపు నడిచాడు. నడక కాస్తా పరుగైంది. గొడుగు మళ్లీ విప్పి ఆకాశంలోకి పొడుస్తూ "మబ్బు! మబ్బు!" అని అరిచాడు. జెండాల దగ్గరున్న క్లబ్బు కుర్రాడు సొరచేప వచ్చిందేమోనని లేచి నిలబడ్డాడు.

తువ్వాలు మాయమైంది. అయిపోయింది.

పైకి వచ్చేసరికి మెర్ల్ కుర్చీలో కూర్చుని టీ తాగుతోంది. స్టాండు గోడవారగా పడుకుని ఉంది.

"స్టాండెందుకు తీశావు?"

"నా ఎత్తుకి లేదు. చేత్తోనే పట్టుకున్నాను. పది నిమిషాల్లో అయిపోయింది. నువ్వు గంట ఏం చేసేవాడివో నాకర్థం కాలేదు." కప్పు కింద పెట్టింది. "నేను చెయ్యి ఊపాను. కనబడిందా?"

"కనబడింది" అన్నాడు క్లారీ.

"అబద్ధాలకోరు. కింది నుంచి నీ చెయ్యి నాకూ ఎన్నడూ కనబడలేదులే." అలా అని నవ్వింది. ఆ నవ్వు చూసి క్లారీ ఆమె పక్కనే కుర్చీలో కూలబడ్డాడు. ఆ పూట స్టాండు ముట్టుకోలేదు.

కింగరాయ్ వచ్చిన నాలుగో రోజున ఫోటోలు చేతికందాయి. భోజనాల బల్ల మీద పదకొండూ పేర్చాడు. సముద్రం మళ్లీ మెట్లెక్కింది. నాలుగోదాని నుంచి తొమ్మిదోదాని దాకా మబ్బు చార. ఆరో ముక్కలో జెండా పక్కన గొడుగేసుకున్న క్లారీ. ఏడులో ముడిచిన గొడుగు తిప్పుతున్న క్లారీ. ఎనిమిదిలో ఆకాశాన్ని పొడుస్తున్న క్లారీ.

చూడ్డానికి వచ్చిన లియాన్‌కి నవ్వాగలేదు. "అమ్మకి ముగ్గురు మొగుళ్లు! నీకు ఇద్దరు పెళ్లాలే కదా నాన్నా. లెక్క మించిపోయింది!"

"ఇన్నాళ్ల బాకీ" అంది మెర్ల్ వంటింట్లోంచి.

క్లారీ నవ్వుతూనే కత్తెర తీశాడు. అంచులు కొంచెం కొంచెం కత్తిరిస్తే గీత సరిపోతుంది. సముద్రాన్ని చదును చేయడం అతనికొక లెక్క కాదు. కానీ నవ్వు మెల్లగా తగ్గింది. ఎలా పేర్చినా, ఎంత కత్తిరించినా మెర్ల్ ఉండదు. ముప్ఫై రెండో మేకుకి మెర్ల్ లేని పటం. ఆవిడ అన్నదంతా నిజమే, న్యాయమే, అయినా అతని మనసు ఒప్పుకోవడం లేదు.

చివరి ముక్క దగ్గరికి వచ్చాడు. పైన్ చెట్ల గుట్ట సగమే పడింది. మిగిలిన సగం మీద గులాబీరంగు మసక, చెట్లని మింగేస్తూ. పాడైపోయిన ముక్క. ఆ మేరకి కత్తిరించేద్దామని కత్తెర పెట్టాడు. పెట్టినవాడు ఆగాడు. సొరుగులోంచి భూతద్దం తెచ్చుకున్నాడు.

ఆ మసక చివర, పగడం రంగులో, గోరు.

"మెర్ల్!" అని కేకేశాడు. "ఇలా రా!"

మెర్ల్ చేతికర్ర టకటకలాడించుకుంటూ వచ్చి వంగి చూసింది. "అయ్యో, నా వేలు! నువ్వు చెప్తూనే ఉన్నావు, అయినా పడింది. కత్తిరించెయ్యి."

క్లారీ కత్తెర తీసుకెళ్లి కుట్టుపెట్టెలో పడేసి మూత వేశాడు. ఒక్క అంచు కూడా ముట్టుకోకుండా పదకొండు ముక్కల్నీ ఉన్నవి ఉన్నట్టే అతికించాడు. సాయంత్రం పటం మోసుకెళ్లి మేకుకి తగిలించాడు. చెయ్యి అలవాటు కొద్దీ జేబులోని రసమట్టం మీదికి పోయింది గాని, దాన్ని బయటికి తీయలేదు.

"వంకరగా ఉంది నాన్నా" అంది లియాన్.

"ఉండనీ" అన్నాడు క్లారీ. "ఇందులో ఇద్దరం ఉన్నాం."